లోపలి జేబు

మా పెళ్లయి ఇరవై రెండు రోజులు. మా ఆయన్ని వీధంతా ‘ఏటవతలాయన’ అంటారు. నిజమే, ఏటికి అవతల ఉన్న శత్రుదేశంలో సైనికుల కోట్లు కుట్టేవారు. మరమ్మతుకి వచ్చిన కోట్లన్నీ కాలిన ఇళ్ల వాసన వేస్తుంటే ఇక కుట్టలేక, ఒక ఉదయం కత్తెర చంకన పెట్టుకుని వంతెన దాటి వచ్చేశారు. ముందు మా నాన్న దర్జీ కొట్లో చేరారు, తర్వాత నా మనసులో.

కాలికి దారం కట్టి ఉంచుకోవే, మళ్లీ వంతెనెక్కేస్తాడు అని ఎదురింటి పిన్ని నన్ను ఆటపట్టిస్తుంది. నేను నవ్వేస్తాను గానీ, ఆయన ఇక్కడే ఉండిపోవడానికి కాగితం ఇంకా పూర్తి కాలేదు. దాని మీద కాపలాదళం అధికారి సంతకం కావాలి. ఆ దళానికే మేం నలభై కోట్లు కుట్టాం.

ఇస్త్రీ చేస్తుంటే మొదటి కోటు లోపల, గుండె దగ్గర ఒక జేబు తగిలింది. నాన్న ఇచ్చిన కొలతల్లో అది లేదు. మిగతావి తిరగేశాను. అన్నిటికీ ఉంది.

నాన్న ముఖం పాలిపోయింది. అది శత్రువుల కోట్లకుండే జేబు. మా ఆయన నాలుక కరుచుకున్నారు. పదేళ్ల అలవాటు, దేశం మారిన సంగతి చేతులకి తెలియలేదట. ముగ్గురం విప్పడానికి కూర్చున్నాం. మూడోది విప్పేసరికి అధికారి గుమ్మంలో ఉన్నాడు.

పైనున్న కోటు తొడుక్కున్నాడు. వేళ్లు సరాసరి ఆ జేబులోకే వెళ్లాయి.

“ఇది మేం అడగలేదే?”

తప్పు తనదేనని నాన్న చెప్పబోయాడు. మా ఆయన అడ్డొచ్చారు.

“నేనే కుట్టానండి. అలవాటులో పడిపోయింది. ఏటవతల సైనికులకి, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం దాచుకోడానికి పెడతారు.”

“వాళ్లకీ ఉత్తరాలొస్తాయా?”

“వాళ్లకీ అమ్మలున్నారు కదండీ.”

అధికారి తన ప్యాంటు జేబులోంచి నలిగిన కవరు తీసి అందులో పెట్టుకున్నాడు. కొలిచి కుట్టినట్టు పట్టింది. విప్పిన మూడూ మళ్లీ కుట్టెయ్యమన్నాడు. వెళ్తూ వెళ్తూ, ఉదయం దంపతులిద్దరూ కాగితం తీసుకుని ఆఫీసుకి వస్తే సంతకం పెడతానన్నాడు.

“ఇదిగో అల్లుడూ, ఈసారి జేబు పెడితే నాకో ముక్క చెప్పి పెట్టు,” అన్నాడు నాన్న, చెమట తుడుచుకుంటూ.

ఆ మూడు జేబులూ నేనే కుడతానని పట్టుబట్టాను. వంకరటింకరగా వచ్చాయి. వంకర జేబులోంచి ఉత్తరం జారిపోదని మా ఆయన సర్దిచెప్పారు. పచ్చి అబద్ధం. ఎంత ముద్దుగా చెప్పారో.