ఆయన పేరు మీద బండి

ఆగస్టు ఏడు, గురువారం. ఆ రోజు ఇంట్లో దోసకాయ పప్పు, చామగడ్డ వేపుడు. స్వర్ణ మాత్రం రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసుకుని, పొయ్యి దగ్గరే నిలబడి నాలుగు ముద్దలు మింగి బయలుదేరింది. తారీఖు అంత కచ్చితంగా ఎట్ల గుర్తున్నదమ్మా అని హెడ్ కానిస్టేబుల్ రాజలింగు అడిగితే ఆమె నోటికి ముందు చామగడ్డే వచ్చింది. చామగడ్డలు ఉడికించి తొక్క తీసేసరికి ఆలస్యమైంది. అందుకే బండిని లైబ్రరీ వెనక షెడ్డులో కాకుండా బయట గోడ పక్కన పెట్టాల్సి వచ్చింది. సాయంత్రం చూస్తే గోడ ఉంది, బండి లేదు. రాజలింగు నవ్వలేదు. "ఆలస్యముగ వచ్చినందున" అని రాసుకుని, పక్కనున్న ఫ్యాను కొంచెం ఆమె వైపు తిప్పాడు.

"ఆర్సీ ఎవరి పేరు మీద ఉన్నది?"

"మా ఆయన పేరు మీద సార్. నరహరి."

"మరి ఆయన్నే రమ్మను. బండి ఎవరిదో వాళ్లే దరఖాస్తు ఇయ్యాలె."

బండి ఎవరిది? కొన్న రోజు షోరూమ్ పిల్లవాడు పేరు ఎవరిది రాయాలని ఆమెనే అడిగాడు, నీలం రంగు ఎంచుకున్నది ఆమె కాబట్టి. జవాబు నరహరి చెప్పాడు. ఇంటి బండి ఇంటాయన పేరు మీదనే ఉంటది కదా అన్నాడు. నెలనెలా వాయిదాలు కట్టేది ఆమె జీతంలోంచే అయినా, ఆ మాటలో తప్పేమీ తోచలేదు ఆమెకి. బండి అద్దంలో ముఖం చూసుకుంటూ నిలబడింది, పండగ రోజు చిన్నపిల్లలా. యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలు సర్దే ఉద్యోగం ఆమెది. ఈ ఏడాది అక్కడే సాయంత్రం కోర్సులో చేరింది. అది పాసైతే సర్దే పని పోయి, కుర్చీ ఉన్న పని వస్తుంది. పని వదిలాక తార్నాకలోని ఇంటికి పరుగెత్తి, అత్త ప్రమీలమ్మకి చాయ పెట్టి, జొన్నరొట్టెలు చేసి మూతపెట్టి, మళ్లీ క్యాంపస్‌కి పరుగెత్తి క్లాసులో కూర్చునేది. బండి ఉంది కాబట్టే ఇదంతా కుదిరింది. బండి పోయిన మర్నాటి నుంచి క్లాసు మానేసింది. ఇలాగే రెండు వారాలు రాకపోతే హాజరు చాలక పరీక్షకి కూర్చోనివ్వరని క్లాసు మేడం ఫోన్ చేసి చెప్పింది.

నరహరి మొదట రానన్నాడు. "పోయిందేదో పోయింది. నీకోసం పోలీస్ స్టేషన్ మెట్లెక్కాల్నా? ఊరందరు బస్సుల్ల తిరుగుతలేరా?" రాజలింగే ఫోన్ చేసేసరికి తప్పక వచ్చి సంతకం పెట్టాడు. రాజలింగు ఇన్సూరెన్స్ అడిగాడు, చలాన్లు బాకీ ఉన్నాయా అని అడిగాడు, రెండు తాళంచెవులూ బల్ల మీద పెట్టమన్నాడు. స్వర్ణ తన దగ్గరున్నది పెట్టింది.

"రెండోది ఈమె ఎన్నడో పోగొట్టింది సార్" అన్నాడు నరహరి. "ఇంట్ల ఏది ఏడ పెడ్తదో ఈమెకే తెల్వదు. లైబ్రరీల మాత్రం వేల పుస్తకాలు సర్దుతదట." అని నవ్వాడు. నవ్వుకి తోడు కోసం రాజలింగు వైపు చూశాడు. రాజలింగు కాగితం వైపు చూస్తున్నాడు.

ఆ రెండో తాళంచెవి కోసం స్వర్ణ ఇల్లంతా జల్లెడ పట్టింది. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టింది. పాత పర్సులు బోర్లించింది. ప్రమీలమ్మ మంచం మీద కూర్చుని, "మంచం కిందికి చూడు పిల్లా. ఇంకింత లోపటికి. ఆ ట్రంకుపెట్టె వెనక చూసినవా?" అని చెబుతూ ఉంటే నేల మీద పాకుతూ వెతికింది. దొరకలేదు. దొరకనందుకు అత్తకి క్షమాపణ చెప్పింది, భర్తకి చెప్పింది, ఎందుకో తెలియదు గానీ దేవుడి పటం ముందు కూడా చెప్పింది. పోగొట్టే మనిషిని అన్న మాట మెల్లగా ఒంటికి పట్టేసింది. లైబ్రరీలో పుస్తకం వరసలో పెట్టాక కూడా రెండోసారి చూసుకోవడం మొదలుపెట్టింది.

వారం దాటాక రాజలింగు ఆమెకే ఫోన్ చేశాడు. "సార్ ఫోన్ ఎత్తుతలేడమ్మా. బండి నడిపేది మీరే గదా, మీరే వచ్చి వీడియో చూడుండ్రి."

పని అయ్యాక వెళ్లింది. బయట ముసురు. రాజలింగు కంప్యూటర్ ముందు కుర్చీ లాగి వేశాడు. "తాళం పగలగొట్టలే, వైరు తెంపలే. కీ పెట్టి శుభ్రంగ తీస్కపోయిండు. క్యాంపస్ గేటు దాటి తార్నాక మీదికెళ్లి మౌలాలి దిక్కు పోయిండు. అటెన్క గల్లీలల్ల కెమెరాలు లేవు. మనిషి రెయిన్‌కోటు, హెల్మెట్ తోని ఉన్నడు. ముఖం కనపడ్తలేదు. నడకో, తీరో ఏమన్న గుర్తొస్తదేమో చూడుండ్రి."

తెర మీద లైబ్రరీ వెనక గోడ. వాన. నీలం బండి. ఒక మనిషి వచ్చాడు. తొందరేం లేదు. సీటు మీద నీళ్లని అరచేత్తో ఒకసారి, ఇంకోసారి తుడిచాడు. తర్వాత తల వంచి, హెల్మెట్ అద్దం కొంచెం పైకెత్తి, ఆ అరచెయ్యి వాసన చూసుకున్నాడు.

స్వర్ణ తెర దగ్గరికి వంగింది. పెళ్లయిన నాటి నుంచి రోజూ రెండు పూటలా చూస్తున్న చెయ్యి అది. ఆమె తోమి పెట్టిన కంచాన్ని అరచేత్తో రెండుసార్లు తుడిచి, ఆ చెయ్యి వాసన చూసుకుని, అప్పుడు గానీ నరహరి అన్నం పెట్టనివ్వడు. మొదట్లో, "ఎందుకట్ల?" అని అడిగింది. "నీ తోముడు మీద నమ్మకమెట్ల?" అన్నాడు. చుట్టాల ముందు చేసినప్పుడు తల దించుకునేది. తర్వాత తల దించుకోవడం కూడా అలవాటులో కలిసిపోయింది. ఈ ఊళ్లో ఇన్ని లక్షల మందిలో ఆ చెయ్యిని గుర్తుపట్టగలిగింది తానొక్కతే. మౌలాలిలో మరిది పరుశురాం ఇల్లు, ఆ ఇంటికి ఎత్తైన ఇనప గేటు. అంతా కళ్ల ముందు తెరుచుకుంది.

"ఇంకోసారి ఏస్తరా సార్?"

వేశాడు. అదే చెయ్యి.

"గుర్తొచ్చిందా అమ్మా?"

ఆమె తెర మీది నుంచి కళ్లు తీసింది. తర్వాత, "ఎవరి బండి వాళ్లే తీస్కపోతే ఏమైతది సార్?" అని అడిగింది.

రాజలింగు చేతిలో పెన్ను ఆగింది. తెర వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. తెర ఆపేశాడు. "ఎవరి బండి వాళ్లు తీస్కపోతే అది దొంగతనం గాదమ్మా" అన్నాడు నెమ్మదిగా. "కాని పోయిందని పోలీసులకు అబద్ధం రాసిచ్చుడు తప్పే. ఆ కేసు ఆయన మీదికొస్తది. మనిషి దొరకలేదనుకో, కొన్నాళ్లకు కేసు మూసేస్తం, ఇన్సూరెన్స్ ఆయనకే వస్తది. ఎటు చూసినా బండి మాత్రం మీది గాదు."

ఎటు చూసినా. చెబితే భర్త స్టేషన్‌లో, ఇల్లు బజార్లో. చెప్పకపోతే నోరూ పోయె, బండీ పోయె, క్లాసూ పోయె. రాజలింగు చాయ తెప్పించాడు. "ఇయ్యాల్నే చెప్పాల్నని ఏం లేదు. నేనైతే అడగ. తాగుండ్రి, చల్లారుతది" అని లేచి పక్క గదిలోకి వెళ్లి, ఆమె కళ్లు తుడుచుకునేదాకా అక్కడే ఉన్నాడు.

బయటికొచ్చి నడిచింది. ఆటో పిలవలేదు. చినుకుల్లో, హాస్టల్ పిల్లల గుంపుల మధ్య, కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద నడుస్తుంటే ఒక్కొక్క ఆలోచనా వచ్చి పక్కన నడిచింది. బండి పోయిన నాడు తన రెక్కలు పోయాయనుకుంది. ఆ రెక్కలతో తను ఎక్కడెక్కడికి ఎగిరింది? లైబ్రరీ నుంచి పొయ్యి దగ్గరికి. పొయ్యి దగ్గర్నుంచి క్లాసుకి. పొద్దున పెట్రోలు బంకుకి, అత్త మందులకి, ఆయన ఇస్త్రీ బట్టలకి. తార్నాక జంక్షన్ దగ్గర ఎర్ర దీపం పడితే ఆగింది. దీపం మారినా కాసేపు అక్కడే నిలబడిపోయింది.

ఇంట్లో నరహరి టీవీ చూస్తున్నాడు. ప్రమీలమ్మ సోఫా అంచున కూర్చుంది.

"ఏమన్నరు?"

"వీడియో చూపించిండ్రు."

టీవీ గొంతు తగ్గింది. "ముఖం కనపడ్డదా?"

"ముఖం కనపడలే. చెయ్యి కనపడ్డది."

నరహరి తల్లి వైపు చూశాడు. ప్రమీలమ్మే అంది, "వాన్ని అనకు. కీ నా పెట్టెలనే ఉన్నది, నేనే ఇచ్చిన. చీకటి పడ్డంక ఆడమనిషి బండేసుకుని తిరిగితే నలుగురు ఏమంటరు?"

నేల మీద పాకిన తన మోకాళ్లు గుర్తొచ్చి స్వర్ణకి వింతగా నవ్వొచ్చింది. "నేను మంచం కింద దేవులాడ్తుంటే కూసోని చూసిండ్రు కదా అత్తా."

"స్టేషన్ల చెప్పినవా?" నరహరి రిమోట్ పక్కన పెట్టాడు. "చూడు స్వర్ణా, నీ మంచికే చేసిన. ఎల్లుండి పరుశురాం దగ్గర్నుంచి తెచ్చిస్తా. పొద్దున పూట ఆఫీసుకు తీస్కపో, ఎవరొద్దన్నరు? ఆ క్లాసులొక్కటి బంద్ చెయ్."

"నేను చెప్పలే. మీరు రాసిచ్చిన అబద్ధం మీరే పోయి చెప్పుకోండ్రి. రేపటిదాంక చూస్త. మీరు పోకపోతే నేను పోత."

"మరి బండి?"

"బండి నాకొద్దు." ఆ మాట ఇంత తేలిగ్గా వస్తుందని ఆమె అనుకోలేదు. "లైబ్రరీ నుంచి క్లాసుకు నడిస్తే పది నిమిషాలు. వచ్చేటప్పుడు గేటు కాడ బస్సున్నది. నడుమ ఇంటికొచ్చి రొట్టెలు చేసి పోవాల్నంటేనే బండి కావాలె. ఇగ నడుమల రాను. రొట్టెలు మీరు చేసుకోండ్రి."

స్వర్ణ వంటింట్లోకి వెళ్లింది. గ్యాస్ కట్టేసి ఉందో లేదో చూసింది. జొన్నపిండి డబ్బా వాళ్లకి కనిపించేలా ముందుకు జరిపింది. దీపం ఆర్పి, బయటికి వచ్చి, వంటింటి తలుపు చప్పుడు కాకుండా మూసింది.