పూజ నాడు పీకిన వైరు

నేను ఒక నల్లటి ఇనప పెట్టెను. తెర లేదు, మీటలు లేవు. ముందువైపు ఒక పచ్చదీపం మిణుకుమంటుంది, అంతే. జనం నన్ను బ్యాకప్ పెట్టె అంటారు. ఎక్కడో దూరదేశపు ఫ్యాక్టరీలో యంత్రాలే నన్ను బిగించాయి. మనిషి చెయ్యి నన్ను మొదటిసారి తాకింది ధర్మవరంలోనే. అందుకేనేమో, మనిషి వేళ్ళంటే నాకు ఇప్పటికీ వింతే.

కుళ్ళాయప్పది పట్టుచీరల డిజైన్లు గీసే దుకాణం. అక్కడ నాలుగు కంప్యూటర్ల మీద అంచులు, బుటాలు, కొంగులు గీస్తారు. ఆ గీతల ప్రకారం అట్టలకు చిల్లులు పడతాయి. ఆ అట్టలు మగ్గమెక్కితే పట్టు మీద నెమళ్ళు దిగుతాయి. నన్ను బిగించే పని మస్తాన్‌కు అప్పగించారు. కంప్యూటర్లకు జబ్బు చేస్తే బజారంతా పిలిచేది అతన్నే. నాలుగు కంప్యూటర్ల నుంచీ నాదాకా వైర్లు లాగి, దుకాణం కట్టేసే వేళకు ఆ రోజు గీసిందంతా దానంతటదే నాలోకి వచ్చేటట్టు అమర్చాడు. పాస్‌వర్డు తెలియనివాడు నన్ను ఎత్తుకుపోయినా లోపలున్నది చదవలేడు.

"అన్నా, ఏం జరిగినా ఈ ఎనకాల వైరు మాత్రం పీకద్దు" అన్నాడు మస్తాన్.

"పీకితే నా చెయ్యి ఇరిగిపోనీ" అన్నాడు కుళ్ళాయప్ప. మనుషుల ఒట్లకు ఎంత ఆయుష్షుంటుందో నాకప్పుడు తెలియదు.

ఇక సాయంత్రమైతే చాలు, నాకు పండగే. ముఖ్యంగా శివలీల గీతల కోసం కాచుకునేవాణ్ణి. ఆ దుకాణంలో కొంగులు గీసేది ఆ అమ్మాయే. లేపాక్షి గుళ్ళో నేల మీద వెల్లకిలా పడుకుని, పైకప్పు చిత్రాలు కళ్ళారా చూసి వచ్చి, ఒక హంసను మొదలుపెట్టింది. మెడ గీసేది, చెరిపేది, మళ్ళీ గీసేది. ఆ మెడలన్నీ నా దగ్గరున్నాయి. వెంట్రుకవాసి తేడా కోసం ఒక పూటంతా పోగొట్టుకునే జీవి ఈ లోకంలో ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. నాకైతే ఆ హంసను మింగడం రెప్పపాటు పని! ఆ హంస కొంగు కోసం మగ్గాల మీద పడుగు దారాలు కూడా ఎక్కేశాయి. డిజైను రాకపోతే నేతగాళ్ళ చేతులు ఖాళీ, ఆమె నెలల కష్టం గాలికి.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. కుళ్ళాయప్ప మమ్మల్నందరినీ తుడిచి, గంధం పూసి, కుంకుమబొట్లు పెట్టి, నాకు ప్రత్యేకంగా ఇంత లావు చామంతి దండ వేశాడు. "ఏడాదంతా పన్జేసేటివి. ఈ పొద్దన్నా ఇడిచిపెట్టల్ల కదప్పా" అంటూ వైర్లన్నీ పీకేశాడు. మర్నాడు మళ్ళీ అన్నీ తగిలించాడు గానీ, దండ చాటున నా వెనక వైరొకటి మరిచిపోయాడు. కరెంటు ఉంది, దీపం వెలుగుతోంది, గీతలు మాత్రం రావడంలేదు. ఎండేదాకా పూజ దండ తీయకూడదట. నేనేమో నోరులేనివాణ్ణి.

రెండు మూడు సాయంత్రాలు ఉపవాసమున్నాను. ఆ మరుసటి ఉదయం కుళ్ళాయప్పకు ఎవరో పార్సిలు వాపసు వచ్చిందని మెయిలు పంపారు. ఆయన ముందూ వెనకా చూడకుండా దాన్ని నొక్కాడు. ఒకదాని తర్వాత ఒకటి నాలుగు తెరలూ ఎర్రబడ్డాయి. డబ్బు పంపితేనే తాళం తీస్తామని వాటిమీద రాసి ఉంది.

"నా హంస, అన్నా..." అంది శివలీల. ఆ గొంతు వింటే నాకు లోపల తిరిగే చక్రం ఆగినంత పనైంది.

మస్తాన్ పరుగున వచ్చి నా దండ పైకెత్తాడు. వేలాడుతున్న వైరు చూసి అతని ముఖం పాలిపోయింది.

"ఎవరు పీకిండేది?"

"దేవుని పని కోసం పీకితినప్పా" అన్నాడు కుళ్ళాయప్ప, తల వంచుకుని.

తిట్టడానికి నోరు తెరిచిన మస్తాన్ అలాగే కుర్చీలో కూలబడ్డాడు. వేలాడే వైరును చేతిలోకి తీసుకుని అన్నాడు: "అన్నా, ఈ వైరు ఉండింటే ఆ మెయిలు పురుగు దీంట్లోకీ దూరిండేది. నాలుగు కంప్యూటర్లకూ దీని తలుపు నేనే బార్లా తెరిచి పెట్టినా. తప్పు నాది."

కంప్యూటర్లను పూర్తిగా తుడిచి, నాలో ఉన్నదంతా వెనక్కి పోశారు. అంచులొచ్చాయి, బుటాలొచ్చాయి, మెడ వంచి హంసా వచ్చింది. కన్ను మాత్రం రాలేదు. అది శివలీల పూజ తర్వాత గీసింది. నాదాకా రానేలేదు.

శివలీల ఆ గుడ్డి హంసను చాలాసేపు చూసింది. తర్వాత కన్ను గీసింది. మస్తాన్ వంగి చూసి, "అదే కన్నే కదమ్మా?" అన్నాడు.

"కాదన్నా. అది గుళ్ళో పైకప్పు మీద చూసింది గీసినా. ఇది, హంస పోతుందేమోనని భయపడినాక గీసినా."

నాకు తోడుగా ఇంకో పెట్టె వచ్చింది, ఇప్పుడు మేము ఇద్దరం. ఒకరు పనిలో ఉంటే ఇంకొకరు వైరు పీకించుకుని బీరువాలో విశ్రాంతి. ప్రతి శుక్రవారం మస్తానే స్వయంగా వైరు పీకి మారుస్తాడు, పీకిన పెట్టెకు కుళ్ళాయప్ప బొట్టు పెడతాడు. కంప్యూటర్లు నాలోకి పంపగలవే గానీ, నాలోది చెరపలేకుండా కూడా మస్తాన్ కట్టడి చేశాడు.

నాలో లెక్కలేనన్ని గీతలున్నాయి. ఒక్కటీ నేను గీసింది కాదు. ఆ సాయంత్రం కొత్త కన్ను నాలోకి వచ్చినప్పుడు, ఇంతకాలం నేను దాచింది ఉత్త గీతల్ని కాదు, గీసినవాళ్ళ ఇష్టాన్నీ భయాన్నీ అని మొదటిసారి తెలిసి నిలువెల్లా వణికాను. బయటున్నవాళ్ళకు మాత్రం పచ్చదీపం ఎప్పటిలాగే మిణుకుమన్నట్టు కనిపించి ఉంటుంది.