మూడో డికాక్షన్

కాఫీ ఫిల్టరు అడుగున రంధ్రాలు మూసుకుపోతే దాన్ని మంట మీద పట్టి కాల్చాలి. ఎర్రగా కాలాక నీళ్లలో వేసి, గుండుసూదితో ఒక్కో రంధ్రాన్నీ పొడవాలి. ఇరవై మూడేళ్లుగా పదిహేను రోజులకొకసారి ఈ పని చేస్తున్నాను. ఆ రంధ్రాలు ఎన్నో నాకు తెలియదు గానీ, అవి మూసుకుపోయిన రోజు ఇంట్లో ఎవరి గొంతు ఎంత పైకి లేస్తుందో మాత్రం తెలుసు.

చింతామణిలో మాది కిరాణా అంగడి. పెళ్లై వచ్చిన మూడో రోజు మా అత్తగారు వనజమ్మ నన్ను వంటింట్లో నిలబెట్టి, ఈ ఫిల్టరునే చూపించి చెప్పారు. "మొదటి డికాక్షన్ మగోళ్లకమ్మా. రెండోది అంగడికి వచ్చిపోయేవాళ్లకి. మూడోది మనకి." మూడోదంటే, అప్పటికే రెండుసార్లు సారమంతా దిగిపోయిన పొడి మీద మళ్లీ మరిగే నీళ్లు పోస్తే వచ్చే పల్చటి నీళ్లు. దాన్ని పాలలో పోస్తే పాలరంగు కూడా సరిగ్గా మారదు. ఆమె ఆ మాట కటువుగా చెప్పలేదు. ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పినట్టు చెప్పారు. ఆమెకు వాళ్ల అత్తగారు అలాగే చెప్పి ఉంటారు. బాగేపల్లిలో మా అమ్మ తాగేదీ అదే కాబట్టి నాకూ వింతగా అనిపించలేదు. ఆడవాళ్ల కాఫీ ఆ రంగులోనే ఉంటుందనుకున్నాను.

ప్రతి కార్తీకంలో ఒక ఆదివారం మా ఇంటివాళ్లందరం కైవారం దగ్గర కొండ కిందికి వనభోజనానికి వెళ్తాం. మా ఆయన బాలచంద్ర, అత్తగారు, బెంగళూరు నుంచి మరిది నాగరాజ్, తోడికోడలు నేత్ర, వాళ్ల పిల్లలు. చాప పరిచీ పరచకముందే మగవాళ్లూ పిల్లలూ కొండెక్కుతారు. మేము చిన్న సిలిండరు దించి, గాలికి అడ్డంగా గోనెసంచి కట్టి, పొయ్యి వెలిగిస్తాం. చిత్రాన్నం, వడలు, బస్సారు. ఆకుకూర, పప్పు కలిపి ఉడికించి, ఆ నీళ్లు వంచి చారు కాచి, మిగిలిన ఆకును వేరుగా తాళింపు పెట్టాలి కాబట్టి బస్సారుకే గంటన్నర పడుతుంది. అది దించేసరికి ఫోను మోగుతుంది. "దిగుతాండాము, డికాక్షన్ వెయ్యి." వాళ్లు కిందికి చేరేసరికి కాఫీ సిద్ధంగా ఉండాలి. ఇరవై మూడు కార్తీకాల్లో నేను ఆ కొండ ఒక్క మెట్టు ఎక్కలేదు.

పెళ్లైన కొత్తలో ఒకసారి, పైన ఏముంటుందని మా ఆయన్ని అడిగాను. "ఏముండాది? రాళ్లు, కోతులు. నువ్వేమీ పోగొట్టుకోలేదులే," అన్నారు. అప్పుడు నవ్వేశాను. కానీ ఆ తర్వాత ప్రతి ఏడూ ఆయన దిగివస్తుంటే ముఖం చూసేదాన్ని. రాళ్లూ కోతులూ చూసి వచ్చిన ముఖం కాదది. చెమట పట్టి, తేటపడి, ఏదో బరువు పైనే దించేసి వచ్చినట్టు ఉండేది. వెంటనే చాప మీద కూర్చుని, "కాఫీ ఏదే?" అనేవారు. ఇప్పుడు నాకు నలభై ఏడు. మెట్లెక్కితే మోకాళ్లు చప్పుడు చేస్తున్నాయి. ఇంకో రెండు మూడేళ్లు ఆగితే ఎవరైనా బతిమాలినా ఎక్కలేను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోదగినంత పెద్ద కోరికలా అనిపించలేదు.

మా ఇంట్లో ఇంకో పద్ధతి ఉంది. అంగట్లో అమ్ముడుపోనిది ఇంటికి వస్తుంది. తేదీ దగ్గరపడిన సేమియా, పురుగు పట్టబోతున్న కందిపప్పు, ఎవరికీ నచ్చని వాసన సబ్బులు. వాటిని ఏదో ఒకటి చేసి ఖాళీ చేయడం నా పని. మధ్యాహ్నం మా ఆయన నిద్రపోయే రెండు గంటలు అంగట్లోనూ నేనే కూర్చుంటాను. వచ్చినవాళ్లు నా ముఖం చూసి "శెట్టిగారు లేరా?" అని అడిగి, లేరని తెలిశాక నిట్టూర్చి, నేను తూచి ఇచ్చిన చక్కెరే తీసుకుని వెళ్తారు.

దసరా అయిన వారానికి అంగడి నుంచి ఒక పెట్టె వచ్చింది. లోపల కాఫీ పొట్లాలు, మిరియాల సూపు పొట్లాలు. వేడినీళ్లలో కలిపితే చాలు. కొండలెక్కడానికి వచ్చే బెంగళూరు పిల్లలు కొంటారని కంపెనీ మనిషి అంటగట్టి పోయాడట. ఆ పిల్లలు మా అంగడి దాకా రానే లేదు. "రెండు నెలలే డేట్ ఉండాది. ఎట్లనో ఖాళీ చెయ్యి. నాకు మాత్రం పెట్టొద్దు," అని మా ఆయన పెట్టెను వంటింటి గుమ్మంలో దించి వెళ్లిపోయారు.

మరునాడు పదకొండు గంటలకు మిద్దె మీద చింతపండు ఎండబెట్టడానికి వెళ్తూ, ఒక గ్లాసుడు వేడినీళ్లూ ఒక కాఫీ పొట్లమూ తీసుకెళ్లాను. పొడి నీళ్లలో వేసి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నాను. కాసేపటికి నాకే అర్థమైంది, నేను డికాక్షన్ దిగడం కోసం ఎదురుచూస్తున్నానని. దిగడానికి ఏమీ లేదు. అది అప్పటికే కాఫీ. తాగాను. గొప్ప రుచేమీ కాదు. తీపి ఎక్కువ, చివర్లో కాస్త మాడిన వాసన. కానీ చిక్కగా ఉంది. పొట్లం చింపిన చేతికే మొదటి గుక్క. నాకంటే ముందు ఆ పొడి సారం ఎవరూ తీసుకోలేదు. గ్లాసు అడుగు దాకా తాగి, ఖాళీ గ్లాసు పట్టుకుని ఎండలో అలాగే కూర్చున్నాను. చింతపండు సంగతి మరిచిపోయాను.

ఆ తర్వాత రోజు సూపు. మిరియాల ఘాటు, ఉప్పు, నీళ్లలో నువ్వుగింజంత క్యారెట్టు ముక్కలు. అది తాగుతుంటేనే తట్టింది. కొండ కింద నన్ను కట్టి కూర్చోబెట్టింది తిండి కాదు. చిత్రాన్నం ఇంటి నుంచే తెచ్చుకోవచ్చు, వడలు చల్లారినా ఎవరూ ఏమీ అనరు. కట్టేసింది ఆ వేడి. వేడి చారు, వేడి కాఫీ. వాటి కోసమే పొయ్యి, పొయ్యి కోసం నేను. ఆ వేడిని ఫ్లాస్కులో పోసి పెట్టగలిగితే పొయ్యి ఎందుకు?

ఎవరినీ అడగలేదు. అడిగితే ఎందుకంటారు. ఎందుకో చెప్పడం మొదలుపెడితే రెండో మాటకే నేనే సర్దుకుంటాను. నా సంగతి నాకు తెలుసు. వనభోజనం రోజు పొద్దున్నే చిత్రాన్నం కలిపి, వడలు వేసి, పెళ్లిళ్లకు తీసే పెద్ద ఫ్లాస్కులోనూ రెండు చిన్న ఫ్లాస్కుల్లోనూ మరిగే నీళ్లు పోశాను. పెట్టెలోని పొట్లాలన్నీ సంచిలో వేశాను. బెంగళూరు హాస్టల్లో ఉన్న మా అమ్మాయి సహన వదిలి వెళ్లిన బూట్లు వేసుకున్నాను. అరంగుళం పెద్దవి. ముందు దూది కూరాను. ఫిల్టరు బోర్లించి ఉన్నచోటే ఉంచి తాళం వేశాను.

కొండ కింద చాప పరిచాక అత్తగారు సామానంతా ఒకసారి చూసి, "సిలిండరు యాడ పెట్టినావమ్మా?" అన్నారు.

"తేలేదత్తమ్మా. వేడినీళ్లు తెచ్చినా."

బూటు లేసు కట్టుకుంటున్న మా ఆయన తలెత్తారు. "నీళ్లు తాగేదానికా ఇంత దూరం వచ్చింది?"

సూపు పొట్లాలు, కాఫీ పొట్లాలు ఉన్నాయని, ఎవరిది వాళ్లు కలుపుకోవచ్చని చెప్పాను. నాగరాజ్ నవ్వి, అంగట్లో ఎవరూ కొననిది వదిన మనకు తాపుతోందన్నాడు. నేను సంచి సర్దుతూనే, "ఇన్నేండ్లు మీరు మా ఇంట్లో తిన్నది అదే కదప్పా," అన్నాను. నేత్ర పకాలున నవ్వి, కొంగు అడ్డం పెట్టుకుంది. మా ఆయన నవ్వలేదు.

"కార్తీకంలో పొయ్యి వెలిగించకుండా వనభోజనమేందే? మరి అంతసేపూ నువ్వు కింద ఏం చేస్తావు?"

"నేను కింద ఉండనండి. ఎక్కుతాండాను."

నా గొంతు నాకే చిన్నగా వినిపించింది. ఆయన వద్దంటే నేను కూర్చునేదాన్నేమో. నిజం చెప్పాలంటే, నా చెయ్యి అప్పటికే సంచి మీద సడలింది. ఆయన అత్తగారి వైపు చూశారు, తీర్పు ఆమెదన్నట్టు. ఆమె చాప మీద కాళ్లు చాపుకుని, మోకాలు రుద్దుకుంటూ, పక్క చాపల మీద తెలిసినవాళ్లే ఉన్నారని, తనకు తోడేమీ అక్కర్లేదని అన్నారు. తర్వాత, "పోనీరా అప్పా, ఆ పెద్ద ఫ్లాస్కు నా దగ్గర పెట్టి పోండి," అన్నారు. అంతే. ఇరవై మూడేళ్లు మోసినది అంత చిన్న మాటతో దిగిపోయింది.

ఎక్కడం తేలిక కాలేదు. మోకాళ్లు చప్పుడు చేశాయి, దూది పెట్టినా బూట్లు జారాయి. నేత్రా నేనూ ప్రతి మలుపులో ఆగాం. అవతలి మలుపులో మా ఆయన ఆగి చూసేవారు, మేము కనిపించగానే మళ్లీ నడిచేవారు. పైన నున్నటి పెద్ద బండ. దాని మీద కూర్చోగానే గాలి నా చెమటంతా ఒక్కసారిగా తీసుకుపోయింది. భుజాలు వాటంతట అవే కిందికి దిగాయి. వాటిని అన్నేళ్లుగా ఎత్తి పట్టుకుని ఉన్నానని అప్పుడే తెలిసింది. కింద టమాటా తోటలు, తెల్లటి పాలీహౌస్‌లు, నీలగిరి తోపులు, అద్దం ముక్కల్లా చెరువులు. ఇంకా దగ్గరగా చూస్తే మా చాప, తమలపాకంత. దాని మీద అత్తగారు, వక్కపలుకంత. ఇరవై మూడేళ్లు పై నుంచి చూసినవాళ్లకు నేను అంతే కనిపించి ఉంటాను. పొయ్యి మంట కనిపించి ఉండదు.

సూపు కలుపుకున్నాను. ఆ గాలిలో దాని రుచే వేరు. మిరియాల ఘాటు గొంతులోంచి చెవుల దాకా వెళ్లింది. పక్కన మా ఆయన కాఫీ పొట్లం అటూ ఇటూ తిప్పి, పళ్లతో చింపారు. కలిపి ఇవ్వడానికి నా చెయ్యి లేవబోయింది. రెండు చేతులతో గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. ఆయన సగం పొడి బండ మీద పోసుకుని, మిగతా సగానికి గ్లాసు నిండా నీళ్లు పోసి, ఒక గుక్క తాగి ముఖం చిట్లించారు.

"ఇదేందే, కాఫీ వాసన పట్టిన నీళ్ల మాదిరి ఉండాది."

"ఇంట్లో నా కాఫీ రోజూ అట్లనే ఉంటాదండి," అన్నాను.

దెప్పాలని అనలేదు. నిజంగానే పోలిక చెప్పాను. ఆయన నా వైపు చూశారు, మళ్లీ గ్లాసులోకి చూశారు. తర్వాత అడుగు దాకా తాగారు.

దిగి వచ్చేసరికి అత్తగారు చాప మీద ఒక తెల్ల రుమాలు పరిచి, దాని వైపే చూస్తూ కూర్చున్నారు. రుమాలులో చిటికెడు క్యారెట్టు ముక్కలు. సూపును బస్సారులాగే వడగట్టారట.

"చారు బాగానే ఉండాది గానీ, తాళింపు పెట్టేదానికి చెంచాడు ఆకు కూడా రాలేదు కదమ్మా," అన్నారు దిగులుగా. నేత్రా నేనూ చాప మీద పడి నవ్వాం. ఆమెకూ నవ్వొచ్చింది. కాఫీ రెండు గ్లాసులు తాగానని, చిక్కగా ఉందని చెప్పారు. నవ్వు తగ్గాక, మగవాళ్లు అటు చేతులు కడుక్కుంటుంటే, గొంతు తగ్గించి అడిగారు.

"పైన ఏముండాదమ్మా?"

"మీరు ఎప్పుడూ ఎక్కలేదా, అత్తమ్మా?"

"నేనెక్కితే పొయ్యి ఎవురు చూస్తారు? మీ మామ చెప్పేవాడులే. రాళ్లు, కోతులు అని."

నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె మోకాలి మీద చెయ్యి వేశాను.

"కోతులు లేవత్తమ్మా," అన్నాను. "ఒక్కటి కూడా లేదు."

తర్వాత అంతా చెప్పాను. బండ, గాలి, చెరువులు, తమలపాకంత చాప, దాని మీద వక్కపలుకంత ఆమె. ఆమె కొండ వైపు చూస్తూ విన్నారు. మధ్యలో ఒకసారి, "అంత దూరం కనిపిస్తాదా," అన్నారు.

సోమవారం పొద్దున ఫిల్టరులో ఒకసారి నీళ్లు పోశాను, మా ఆయనకు. రెండోసారి పోశాను, అంగడికి వచ్చేవాళ్లకు. మూడోసారి పోయలేదు. పొడి తీసుకెళ్లి కరివేపాకు మొక్క మొదట్లో వేశాను. మిగిలిన పొట్లాల్లోంచి రెండు చింపి అత్తగారికొకటి, నాకొకటి కలిపి, ఇద్దరం వంటింటి గడప మీద కూర్చుని తాగాం.

అంగడికి బయలుదేరుతూ మా ఆయన గుమ్మంలో ఆగారు. కంపెనీ మనిషి ఈ రోజు వస్తున్నాడని, ఆ పొట్లాలు ఇంక వద్దని చెప్పేస్తానని అన్నారు.

"ఒక పెట్టె దించుకోండి," అన్నాను.

"ఎవురికి?"

ఇరవై మూడేళ్లలో ఇంటికి ఎన్నో పెట్టెలు వచ్చాయి. ఏ ఒక్కదాని గురించీ ఎవరూ ఈ ప్రశ్న వేయలేదు. అత్తగారు గ్లాసు పట్టుకుని నా ముఖం వైపు చూస్తున్నారు.

"నాకు," అన్నాను.