కోటు గుండీ

వ్యాన్ టౌన్‌హాలు తలుపులు బద్దలు కొట్టుకుని లోపలికి వచ్చినప్పుడు మా ఆడపడుచు మైకు ముందు నిలబడి గొంతు సవరించుకుంటోంది. అద్దాల పెంకులు ముందు వరుసవాళ్ళ ఒళ్ళో పడ్డాయి. వ్యాన్ వెనకాలే కర్రలు వచ్చాయి, కర్రలతో పాటు మనుషులు.

మా ఆయన ఈ ఊరి మేయరు. పురపాలక సభ తొలి సమావేశంలో నాలుగు మతాల పెద్దలూ ఒకే వేదిక మీద తలా రెండు మాటలు చెబుతారనీ, ఏ దేవుణ్ణీ నమ్మనివాళ్ళ తరఫున కూడా ఒకరు చెబుతారనీ ఎన్నికల్లో మాట ఇచ్చారు. నమ్మనివాళ్ళు ఊళ్ళో తక్కువేం లేరు. మా ఇంట్లో కాఫీలు తాగుతూ దేవుణ్ణి కడిగేసేవాళ్ళు. తీరా మైకు ముందుకు రమ్మనేసరికి అందరికీ ఒక్కసారిగా భక్తి పుట్టుకొచ్చింది. చివరికి మిగిలింది ఆయన చెల్లెలే. డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. స్టీరింగ్ పట్టుకునే ముందు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టేవాళ్ళతో, "ఆయన్ని తర్వాత చూద్దువుగాని, ముందు అద్దం చూడు" అంటుంది.

ఎవరు ముందు మాట్లాడాలన్నది పెద్ద తగువైంది. చీటీలు తీద్దామంటే చీటీ మడతల మీద కూడా అనుమానాలు వచ్చాయి. గుండీలతో తేల్చమని నేనే చెప్పాను. తలా ఒక రంగు గుండీ అందరి ఎదుటా బిస్కెట్ల డబ్బాలో వేస్తే, పెద్దాయన చెయ్యిపెట్టి ఒక్కోటీ తీస్తారు. పెద్దాయనంటే ఊళ్ళో సగంమంది వెళ్ళే ప్రార్థనాలయానికి పెద్ద. కళ్ళలో పొరలు వచ్చి చూపు ఆనదు కాబట్టి ఆయన మీద ఎవరికీ అనుమానం ఉండదు. నా కుట్టుపెట్టెలో నాలుగు రంగుల చొక్కా గుండీలు దొరికాయి. ఐదోది దొరక్క మా ఆయన పాత కోటు నల్లగుండీ కోశాను. కందిగింజల్లో రేగుపండు వేసినట్టు ఉంటుందని అప్పుడు తట్టలేదు.

పెద్దాయన చెయ్యి పెట్టగానే పైకొచ్చింది అదే. మొదటి వంతు మా ఆడపడుచుదని లౌడ్‌స్పీకరులో వీధంతా వినబడింది. వీధి ఊరుకోలేదు.

మొదటి దెబ్బ మా ఆయనకు పడింది. చెల్లెలికి అడ్డం వెళ్ళబోతే మోకాలి మీద ఇనప ఊచతో కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు మైకులో కూడా వినిపించింది. ఒకడు మా ఆడపడుచు జుట్టు చేతికి చుట్టుకుని వేదిక అంచుకు ఈడ్చి, ముఖాన్ని చెక్కకేసి బాదాడు. పళ్ళు రాలాయి. నేను బిస్కెట్ల డబ్బాతో వాడి చెవి మీద కొట్టాను. డబ్బా సొట్టపడింది, వాడు మాత్రం "నువ్వు పక్కకెళ్ళమ్మా" అన్నాడు, బస్సులో సీటు అడిగినంత మర్యాదగా. అని నన్ను కుర్చీల మీదికి తోశాడు.

అప్పుడు పెద్దాయన తడుముకుంటూ వెళ్ళి ఆమె మీద బోర్లా పడుకున్నారు. కర్రలు ఆగలేదు. "లేవండి అయ్యగారూ, మీకెందుకివన్నీ" అంటూనే ఆయన వీపు మీద కొట్టారు. వాళ్ళలో సగంమంది ఆయన చేత పేర్లు పెట్టించుకున్నవాళ్ళు. ఒకడు ఆయన కుడిచేతిని బూటుతో తొక్కి, సిగరెట్టు ఆర్పినట్టు మడమ తిప్పాడు. పోలీసులు వచ్చేసరికి నేలంతా రక్తంతో జారుతోంది.

మర్నాడు ఆసుపత్రిలో ముగ్గురికీ ఒకే గది ఇచ్చారు. మా ఆయన కాలు పైకి కట్టారు. ఆడపడుచు ముఖం కుట్లతో నిండిపోయింది. పెద్దాయన చెయ్యి వాచి పిడికిలిలాగే బిగుసుకుపోయింది. తెరవనివ్వడం లేదని నర్సు విసుక్కుంటోంది. ఇన్‌స్పెక్టరు వాంగ్మూలం కోసం కుర్చీ వేసుకున్నాడు. అంతలో పళ్ళబుట్టతో మా ఆయన పార్టీ అధ్యక్షుడు వచ్చాడు.

"గుండీ పెద్దదటగా చెల్లెమ్మా" అన్నాడు నాతో, చాలా ప్రేమగా. "పొరపాటు జరిగిందని మీరొక్క మాట చెప్పండి. సమానమైన గుండీలతో మళ్ళీ తీద్దాం. అమ్మాయి వంతు చివర్లో చూద్దాం. కేసులూ గీసులూ లేకుండా ఊరు చల్లబడుతుంది. లేదంటే మేయరుగారి పదవి నేను కాపాడలేను."

మా ఆయన నా వైపు చూశారు. ఆ చూపు నాకు తెలుసు. పెళ్ళిచూపుల్లో కూడా అలాగే, ముందు నేనే ఏదో ఒకటి అనాలన్నట్టు చూశారు.

"గుండీ పెద్దదే" అన్నాను. అది నిజం మరి.

అధ్యక్షుడు ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. "విన్నారుగా?"

"నాకూ తెలుసు" అన్నారు పెద్దాయన మంచం మీంచి. "ఆ అమ్మాయి గుండీ డబ్బాలో పడ్డప్పుడే చప్పుడు తేడాగా వినిపించింది, వేలికి తగలగానే అదేనని తెలిసింది. వదిలేసి ఇంకోటి తియ్యొచ్చు. తియ్యలేదు."

"ఎందుకండీ?" అన్నాడు అధ్యక్షుడు.

"ఎప్పుడో ఒకప్పుడు ఆ అమ్మాయి ముందు మాట్లాడాలి కదా. నాకా వయసైపోతోంది, ఆగలేను." నర్సుకు చెయ్యి చాపారు. "ఇప్పుడు తెరువమ్మా. మెల్లిగా."

విరిగిన వేళ్ళను ఆమె ఒక్కొక్కటే విప్పింది. ఆయన మూలగలేదు, పెదవి కొరుక్కున్నారు. అరచేతిలో నల్లగుండీ, దాని నాలుగు కన్నాల్లోనూ ఎండిన రక్తం ఉన్నాయి.

మా ఆయన దాన్ని చాలాసేపు చూశారు. తర్వాత మోచేతుల మీద లేచి కూర్చుని, సభలో వాడే గొంతుతో, "సమావేశం కొనసాగుతోంది. మొదటి వంతు" అన్నారు.

"వదినా, దిండు ఎత్తు" అంది ఆడపడుచు. కుట్ల మధ్య నుంచి మాట నలిగి వస్తోంది. దిండు ఎత్తి పెట్టాను.

"నాకు దేవుడు లేడు. అందుకని ఇదంతా పైనున్నవాడు చూసుకుంటాడని వదిలెయ్యడం నాకు కుదరదు. నేనే చెప్పాలి. రాసుకోండి ఇన్‌స్పెక్టరుగారూ."

ఇన్‌స్పెక్టరు కలం తీశాడు.

"మొదట వ్యాన్ తోలినవాడు. నా దగ్గరే నేర్చుకున్నాడు. గుద్దాక గాని బ్రేకు తొక్కడు, ఎన్నిసార్లు చెప్పినా అంతే." ఆమె అధ్యక్షుడి వైపు చూసింది. "మీ అబ్బాయే, అన్నయ్యగారూ."

అధ్యక్షుడు పళ్ళబుట్ట నేల మీద పెట్టాడు.

"పెద్దాయన చెయ్యి తొక్కినవాడు…" అని ఆగింది. పెద్దాయన ఉన్న వైపు చూసింది. వాడు ఆయన అన్న కొడుకు.

పెద్దాయన కళ్ళు మూసుకున్నారు.

"చెప్పమ్మా" అన్నారు. "వంతు నీది."