సబ్బుల వీడియోలో రెండో మనిషి

ఈ వాన ఆగితే బాగుండును, రేకుల మీద దరువు తగ్గితే కదా తన గొంతు వినపడేది, లేకపోతే రాజధాని సువాలో కూర్చున్న హోటలావిడకు కొబ్బరి సబ్బు బదులు ఈ సవుసవు ఊరి వానే వినిపిస్తుంది, ఫోను ఇంకొంచెం ఎత్తులో ఉండాలి, నూనె డబ్బా మీద నూనె డబ్బా, ఆ పైన బైబిలు పెట్టబోయి నాలుక కరుచుకుంది అకోసిత, దాన్ని తీసి బిస్కెట్ల డబ్బా పెట్టింది, కిటికీకి కట్టిన తెల్ల దుప్పటి మాత్రం బాగానే పనిచేస్తోంది, వెలుతురు మెత్తబడి ముఖం మీది గీతలు తగ్గాయి, తనతో కలిసి ఈ షెడ్డు పెట్టిన సెరెయిమా ఉంటే ఆ దుప్పటేదో ముఖానికే కట్టుకో, ఇంకా బాగుంటావు అనేది, ఆమె ఉంటే అసలు ఈ డబ్బాల గోలే లేదు, ఇన్నేళ్లూ సబ్బుల ఫొటో అయినా వీడియో అయినా ఫోను పట్టుకున్నది సెరెయిమానే, పొడుగు మనిషి, చేయి వణకకుండా ఎదుటి గోడకే ఆనుకుని నిలబడేది, ఒక కన్ను మూసి, మూతి వంకర పెట్టి నవ్వించేది, నవ్వితే మళ్లీ మొదటినుంచీ చెప్పించేది.

మీ భాషలోనే మాట్లాడండి, కింద ఇంగ్లీషు మేం వేసుకుంటాం, మీతో పనిచేసేవాళ్లను మాత్రం తప్పకుండా చూపించండి, ఒక్క మనిషిని నమ్ముకుని అన్ని గదులకు సబ్బులు ఎలా తీసుకుంటాం అంది హోటలావిడ, అకోసిత అవునవునంది, లేనివాళ్లను ఎక్కడినుంచి తెస్తుంది, సాయంత్రంలోగా వీడియో పంపకపోతే ఆర్డరు పోతుంది, ఆర్డరు పోతే ఈ షెడ్డు మూసేసి తమ్ముడింట్లో ఓ మూల చాప పరుచుకుని మరదలి ముఖం చూస్తూ బతకాలి, అందుకే పొద్దున ఎర్ర ఏప్రను కట్టుకుని, చేతులొక్కటే కనబడేలా కొబ్బరి తురిమింది, తర్వాత నీలం ఏప్రను కట్టుకుని, మణికట్టు మీది కాలిన మచ్చ దాచడానికి సెరెయిమా వదిలేసిపోయిన వెడల్పాటి గాజు తొడుక్కుని అవే చేతులతో సబ్బు కోసింది, చూస్తే నిజంగా ఇద్దరు ఆడవాళ్లలాగే ఉంది, నవ్వొచ్చింది, ఖాళీ షెడ్డులో తన నవ్వొక్కటే వినబడేసరికి ఆ నవ్వూ ఆగిపోయింది.

వాన తెరిపిచ్చింది, గబగబా ముందుకొచ్చి నిలబడి కాయ తురమడం నుంచి సబ్బు చుట్టడం దాకా అన్నీ చెప్పింది, పూర్తయ్యేసరికి ఉడికిన కర్రపెండలం గిన్నెతో అపెనిసా వచ్చాడు, వరసకు బావ, ఆటపట్టించడం తన జన్మహక్కు అనుకునే మనిషి, అయినా ఎవరో ఒకరు చూసి చెప్పాలి కదా అని ఫోను చేతికిచ్చింది, చూసి ఇకిలించాడు, ఏమే మరదలా, సబ్బులు కొనేది హోటలువాళ్లా, ఆ ఫోను వెనక ఉన్నవాడా, మనిద్దరమే చేస్తాం మనిద్దరమే కోస్తాం అంటూ వాడితో ఏకంగా కాపురమే పెట్టేశావు, చెవులు కడుక్కో బావా, సబ్బు ఊరికే ఇస్తాను, మేమిద్దరం అన్నాను అంది, అతను వీడియో మళ్లీ పెట్టాడు, మనిద్దరం, అదే, తన గొంతే, కొనేవాళ్లకు మేము అని కదా చెప్పాలి, మనం అంటే ఎదురుగా ఉన్న మనిషిని కలుపుకున్నట్టు, మాటలు నేర్చే పిల్లలు కూడా తప్పనిచోట తనెందుకు తప్పింది, కళ్లు చూడు, ఫోనును చూడడం లేదు, దానికి జానెడు పైన, తనకంటే పొడుగైన మనిషి ముఖం ఉండాల్సిన చోట చూస్తున్నాయి.

మళ్లీ తీసింది, మళ్లీ మనిద్దరం, నాలుక తన మాట వినడం లేదు, అపెనిసా ఇప్పుడు నవ్వడం లేదు, ఇటివ్వు, నేను పట్టుకుంటాను అన్నాడు, వద్దు బావా, అక్కడ మనిషుంటే మళ్లీ అదే మాటొస్తుంది, ఫోను చేస్తోందా సెరెయిమా అని మెల్లగా అడిగాడు, చేస్తుంది, దేశం దాటి మిల్డూరాలో ముసలివాళ్లను చూసుకునే పని, తీరికెక్కడిది అని చెబుతుండగానే చివరిసారి ఎప్పుడు చేసిందో గుర్తుకు రాలేదు, ఏం పంపినా బొటనవేలి బొమ్మ ఒకటి వస్తుంది, అంతే, నువ్వెళ్లు బావా అంది, గిన్నె పెట్టేసి వెళ్లాడు, చేతులు కనబడే ఆ వీడియో ముక్కలు రెండూ తీసేసింది, ఈసారి ఫోను గాజుకన్ను లోపలికే చూసింది, అందులో ఎవరూ లేరు, నా పేరు అకోసిత, ఈ సబ్బు నేనే చేస్తాను, ఒక్కదాన్నే, ఆర్డరు పెద్దదైతే చర్చి ఆడవాళ్లను సాయం పిలుస్తాను, వాళ్లొస్తారు.

పంపేసింది, ఆవిడ ఒప్పుకుంటుందో లేదో, ఒక్కదాన్నే అన్న మాట అంత సులువుగా ఎలా వచ్చింది, కర్రపెండలం చల్లారిపోతోంది, తినాలనిపించడం లేదు, సెరెయిమా చివరిగా మాటల్లో పంపిన కబురు ఇప్పుడు చెవిలో పలుకుతోంది, షెడ్డులో నా వాటా కూడా నువ్వే ఉంచుకో అకో, ఎంత మంచి మనసో అని చర్చిలో అందరికీ చెప్పుకుని మురిసిపోయింది తను, వాటా వదులుకోవడం అంటే ఏమిటో అపెనిసా లాంటివాడికి కూడా తెలుసు, ఇక రాను అని సెరెయిమా ఆ రోజే చెప్పేసింది, వినిపించుకోనిది తనే.