తలవాకిలి లేని ఇండ్లు

"వాకిలుండేది ఇల్లు. వాకిలి లేనిది పాడుగోడ. గట్టిగా చెప్పండి!"

పద్దెనిమిది మంది పిల్లలు గొంతులు చించుకున్నారు. కృపమణి తన పాదం మీద తడి ఇసుక పోసి, దిబ్బగా తట్టి, మెల్లిగా కాలు వెనక్కి లాక్కుంది. బొరియ మిగిలింది. అదే వాకిలి. ఇరవై రెండేళ్లుగా ఒకటో తరగతికి ఇంటి పాఠం ఆమె ఇట్లాగే చెబుతోంది. పుస్తకంలో బొమ్మ పెంకుటిల్లు. ఈ పిల్లలు పెంకు మొహం ఎరుగరు, వీళ్లవన్నీ దూలాల మీద చవుడు మన్ను కప్పిన మిద్దెలు. ఆమె పొట్టి మనిషి, బీటలు వారిన మడమలు, మోచేతుల దాకా సుద్దపొడి. ఒక్క ఇన్‌స్పెక్టరూ ఆమెను ఇదివరకు మెచ్చుకున్న పాపాన పోలేదు.

"ఇల్లు మారితే ఏం తీసుకపోతాం?"

"తలవాకిలి! దూలాలు!" హులిగెమ్మ మనవరాలు సోమక్క అందరికన్నా ముందు అరిచింది.

చెట్టు మొలవని సీమలో కొయ్యే ఆస్తి. గోడలు వదిలేసి గుమ్మాల కొయ్య, దూలాల కొయ్య మోసుకుపోవడమే ఇక్కడ ఇల్లు మారడం. ఊరి మీదుగా కాలువ తవ్వుతున్నారు. వాకిలున్న ప్రతి ఇంటికీ దిన్నె మీద కొత్త ఊర్లో జాగా ఇస్తామని దండోరా వేశారు. ఇండ్లు రాసుకోడానికి సర్వేదారు ఆ మధ్యాహ్నమే రావాలి.

గడ్డపార చప్పుడు వినపడింది. కృపమణి పరుగెత్తింది, వెనకాలే పిల్లలు. వీధి పొడుగునా వాకిళ్లు, దూలాలు ఊడదీస్తున్నారు. హులిగెమ్మ గుమ్మం అప్పటికే బండెక్కింది.

"ఏమన్నా ఈరన్నా, ఆయప్ప వచ్చి రాసుకునేదాకా ఆగలేరా?"

ఊరి పెద్ద, పెద్ద ఈరన్న, చెమట తుడుచుకున్నాడు. "యాడాగేది టీచరమ్మా? రేపట్నుంచి మూఢం. రెండు నెల్లు గడప కదిలించగూడదు. ఇయ్యాల పొద్దు తిరిగేలోగా పెరకాల్సిందే."

"పెరికినవి మళ్లా నిలబెట్టండి. ఒక్క గంట!"

"పెరికిన గడప ఆన్నే పాతితే ఇంట్లో పీనుగ లేచ్చాది," అంది హులిగెమ్మ. "నీది ఏసుసామి ఇల్లు, నీకేం తెలుచ్చాదిలే! ఊరు ఎదురుగా కనపడతాండాది. ఆయప్పకు కండ్లు లేవా?"

అందరూ నవ్వారు.

కండ్లున్నాయి. గొడుగేసుకుని వచ్చిన సర్వేదారు వీధి ఆ చివర నుంచి ఈ చివరకు చూశాడు. "ఇండ్లేవి?"

"ఇవే సార్," అంది కృపమణి. "పొద్దున దాకా కాపరాలున్నాయి. వాకిళ్లు బండ్ల మీద ఉండాయి, చూడండి."

"బండి మీద వాకిలుంటే బండి ఇల్లవుతుందామ్మా?" అతను వంగి సోమక్క గడ్డం పట్టుకున్నాడు. "పాపా, ఇల్లంటే ఏమి?"

సోమక్క చేతులు కట్టుకుని నిలబడింది. "వాకిలుండేది ఇల్లు! వాకిలి లేనిది పాడుగోడ!" వెనకాల పదిహేడు గొంతులు అందుకున్నాయి.

"బాగా చెప్పినారు టీచరమ్మా, పిల్లలకు," అన్నాడతను. వెక్కిరింత కాదు, నిజంగానే మెచ్చుకున్నాడు.

ఆ ఊర్లో అతను రాసుకున్నది ఒకే ఒక్క ఇల్లు. అది వాకిలి పెరకని కృపమణి ఇల్లు.

"నా జాగా వాళ్లకు రాయండి సార్."

"ఒకరిది ఇంకొకరికి కుదరదు. అయినా ముప్పై కొంపలకు ఒక్క జాగా ఏ మూలకు?"

సర్కారుకు వాకిలి కావాలి, మనిషి అక్కర్లేదు. ఈ సంగతి ఆమె ఎవరికి చెప్పాలి? పెద్ద ఈరన్న సర్వేదారు వెంట పొలిమేర దాకా చేతులు జోడించుకుని నడిచాడు. తిరిగొచ్చి ఎద్దుల్ని కట్టమన్నాడు. దిన్నె మీద జాగా లేదు. ఆదోని దిక్కు పోతే కూలైనా దొరుకుతుంది.

హులిగెమ్మ కృపమణి ముఖం చూడలేదు. బండి కదిలింది. పడుకోబెట్టిన తలవాకిలి మీద కూచుని సోమక్క అరిచింది. "టీచరమ్మా, రేపు బడుందా?"

కృపమణి తలూపింది. ఎందుకూపిందో ఆమెకే తెలియదు.

దుమ్ము సర్దుకున్నాక ఆమె హులిగెమ్మ ఇంట్లోకి నడిచింది. పైకప్పు లేని నడింట్లో ఎండ పడుతోంది. నేలలో మెడదాకా పాతుకున్న రోలు ఎవరికీ పెకలలేదు. దాంట్లో సగం నూరిన ఊరిబిండి పచ్చడి ఇంకా తడిగా ఉంది.