కొమ్ముల తలపాగా ఎరుగని కుక్క

మా అక్క అల్బెర్టీనా కుడిచేతి వేళ్ళు ఇప్పుడు పూర్తిగా ముడుచుకోవు. ఎవరైనా అడిగితే కుక్క కరిచిందంటుంది. ఎవరి కుక్కో చెప్పదు. ఆ కుక్క నాది. దాన్ని అలా పెంచింది నేనే.

మేముండేది ఒకాకరారా ఊరు దాటాక బండిలో గంట దూరం. ఒక రేకుల గది, ముళ్ళకంప దొడ్డి, నూట పది మేకలు. నా భార్య పోయాక ఊరు వదిలేసి మేకల దగ్గరే ఉండిపోయాను. మనుషులకంటే మేకలు నయం, చెప్పిందే మళ్ళీ మళ్ళీ చెప్పవు అనేవాణ్ణి. అయితే ఆ ఏడాది చీతాలూ నక్కలూ కలిసి పంతొమ్మిది మేకపిల్లల్ని ఎత్తుకుపోయాయి. తుపాకీ తీసి తుడుచుకుంటుంటే, చీతాల్ని కాపాడే సంస్థవాళ్ళు వచ్చి, చంపొద్దు, కాపలాకి కుక్కపిల్లనిస్తాం అన్నారు.

అలా వచ్చింది ఒంగేమా. మా హెరెరో మాటలో సింహమని అర్థం. ఎనిమిది వారాల పిల్ల, అప్పటికే పాదాలు నా పిడికిలంత ఉన్నాయి. పేరు విని, దాన్ని తెచ్చిన మాగ్రీతా నవ్వలేదు. కాస్త మెత్తటి పేరు పెట్టాల్సింది అంది. దమారా తెగ పిల్ల, పాతికేళ్ళుంటాయేమో. పుట్టిన దగ్గర్నుంచీ మేకల్లో తిరిగినవాడికి ఇదా పాఠాలు చెప్పేది అనుకున్నాను.

ఆమె చెప్పినవి రెండే సంగతులు. మొదటిది, పిల్ల మేకలతోనే తినాలి, మేకలతోనే పడుకోవాలి, దాన్ని గదిలోకి తెచ్చి ముద్దు చేయకూడదు. రెండోది చెప్పేటప్పుడు నా మొహంలోకి చూసి మరీ చెప్పింది.

"నాలుగు నెల్లు నిండేలోపు ఇది ఎంతమందిని చూస్తే అంత మంచిది, పెద్దాయనా. చిన్నపిల్లలు, కర్ర పట్టుకున్నోళ్ళు, గుర్రమెక్కినోళ్ళు. ముఖ్యంగా మీ ఆడోళ్ళు, ఆ పెద్ద గౌన్లతో, ఆ కొమ్ముల తలపాగాలతో. ఇప్పుడు చూడనిదాన్ని రేపు శత్రువనుకుంటది. అప్పటికిది మీ అంత బరువుంటది."

మొదటి సంగతి నాకు బాగా నచ్చింది. రెండోదాన్ని ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను. నాకే అక్కర్లేని మనుషులు నా కుక్కకెందుకు?

అక్క ప్రతి నెలా మొదటి శనివారం నా దగ్గరికి వచ్చేది, పులిసిన పాలూ వేయించిన పిండి ఉండలూ పట్టుకుని. ఒకాకరారాలో ఆమె గౌన్లు కుట్టేది. పెళ్ళికైనా చావుకైనా మా ఆడవాళ్ళు వేసుకునే గౌను ఆమె చేతి మీదుగా పోవాల్సిందే. తను సంతకెళ్ళినా మేకల దొడ్డికొచ్చినా అదే తయారు. ఆరు లంగాల మీద పెద్ద గౌను, తల మీద ఆవు కొమ్ముల్లా రెండు పక్కలకీ సాగిన తలపాగా. చేతికందిన ఏ జంతువునీ ముద్దు చేయకుండా వదలదు. పిల్ల చెడిపోతుందని నాకు భయం పట్టుకుంది. ఫోను చేశాను.

"కుక్క పెద్దదయ్యేదాకా ఇటు రాకక్కా. నువ్వొస్తే దాన్ని పిల్లిని చేసి పెడతావు."

"బానే ఉందిరా. కుక్కకి నువ్వు కాపలా, నీకు కుక్క కాపలా," అంది. కాస్త ఆగి, "సరేలే, పిలిచినప్పుడే వస్తాను," అంది.

ఆమె గొంతులో బాధ నాకు తెలిసింది. తెలియనట్టు ఉండటం నాకు చిన్నప్పటినుంచీ అలవాటే.

మాగ్రీతా నెలనెలా వచ్చి మందులు వేసేది, కాగితం తీసి ప్రశ్నలడిగేది. మనుషులు వస్తున్నారా? వస్తున్నారన్నాను. గౌను వేసుకున్నవాళ్ళు? మా అక్క వారం వారం వస్తుంది, కుక్క ఆమె గౌను అంచు మీదే నిద్రపోతుంది అన్నాను. ఎందుకంత అల్లి చెప్పానో నాకే తెలియదు. ఆ పిల్ల సంతోషపడి రాసుకుంది.

ఏడాది తిరిగింది. ఒక్క మేకపిల్ల కూడా పోలేదు. పక్క మందవాడు గెర్సన్ వస్తే, దూరంగా ఆగి కేకేసేవాడు. నేను వెళ్ళి కుక్కని పట్టుకుంటే తప్ప అడుగు ముందుకు వేసేవాడు కాదు.

"నీ దొడ్డిలోకి రావాలంటే గాలైనా నిన్నడిగి రావాలయ్యా చెరీపో," అనేవాడు.

అతను వెక్కిరించాడో మెచ్చుకున్నాడో నేను పట్టించుకోలేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. మనిషిని దగ్గరకి రానివ్వని కుక్కే గొప్ప కుక్క అని నలుగురికీ చెప్పుకు తిరిగాను.

ఒక శనివారం పొద్దున గెర్సనూ నేనూ గది ముందు కూర్చుని టీ తాగుతున్నాం. దారి మీద బండి ఆగింది. అక్క దిగింది. నేను పిలవలేదు. మనవరాలి పెళ్ళి కుదిరిందని, తమ్ముడికి ఫోనులో చెబితే బాగుండదని, తనే వచ్చింది. కొత్త ఎర్ర గౌను. ఎప్పటిలాగే మేకల మధ్యలోంచి నడిచి వస్తోంది. గాలి లేచి గౌను ఉబ్బింది. మేకలు బెదిరి రెండుగా చీలిపోయాయి. ఒంగేమా లేచి, చీలిన ఆ దారిలో అడ్డంగా నిలబడి గుర్రుమంది.

"కుక్కని పిలువయ్యా," అన్నాడు గెర్సన్.

నేను పిలవలేదు. అక్క కూడా ఒకసారి చూడనీ అనుకున్నాను. ఎలాంటి కుక్కని పెంచానో కళ్ళారా చూడనీ. అయిదు దాకా లెక్కపెట్టేంత సేపు, అంతే. ఆ కాసేపూ నా గుండె గర్వంతో నిండిపోయింది. దేవుడి ముందైనా ఇదే చెబుతాను. అక్క నన్ను చూసి నవ్వుతూ చెయ్యి ఊపింది. కుక్క ఆ చేతినే పట్టుకుంది.

మేమిద్దరం కలిసి విడిపించేసరికి తలపాగా మేకల కాళ్ళ కింద పడి ఉంది.

పట్నం ఆసుపత్రిలో ఆమె మూడు వారాలుంది. నరం తెగింది, సూది పట్టుకోవడం ఇక కుదరదు అన్నారు. మిషను కూతురికిచ్చేసింది. బడి పిల్లలు నడిచే దారి మా దొడ్డి పక్కనే, కుక్కని కాల్చేయమని ఊరి పెద్దలు కబురు పెట్టారు. అక్క వద్దంది.

"నువ్వు నేర్పిందే అది చేసింది. దాన్ని చంపి ఏం దిద్దుకుంటావు?"

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. చిరిగిన ఆ ఎర్ర గౌను తెచ్చి, నేనే వేసుకుని, తల మీద గుడ్డ చుట్టుకుని, రోజూ పొద్దున్నే దారి మీంచి దొడ్డిలోకి నడిచి వచ్చేవాణ్ణి. గెర్సన్ చూసి, పెళ్ళికూతురికి మీసాలేంటయ్యా అన్నాడు. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. ఒంగేమా మాత్రం తోక ఊపుతూ ఎదురొచ్చి నా కాళ్ళ దగ్గర పడుకునేది. నేర్చుకుందనుకుని మురిసిపోయాను. మాగ్రీతా వచ్చి ఆ వేషంలోనే నన్ను చూసింది.

"అది మిమ్మల్ని వాసనతో గుర్తుపడతది, పెద్దాయనా. గౌనుతో కాదు."

అప్పుడు నా అబద్ధం ఒప్పేసుకున్నాను. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "నేనొక్కసారి మీ అక్కని కళ్ళతో చూసి రాసుకోవాల్సింది," అని తప్పు తన మీద వేసుకుంది.

దక్షిణాన, మనుషులు నడవని, చుట్టూ కంచె ఉన్న మేతభూమిలోని ఒక పెద్ద మందకి ఒంగేమాని తీసుకెళ్ళారు. బండెక్కాక అది నా వైపు చూడలేదు. మేకల వైపే చూస్తూ పోయింది. నేను దానికి సరిగా నేర్పింది అదొక్కటే. ఆ సాయంత్రం దొడ్డి తలుపు పట్టుకుని ఏడ్చాను.

మళ్ళీ మేకపిల్లలు పోవడం మొదలైంది. మాగ్రీతా ఇంకో కుక్కపిల్లనిస్తానంది, కాని మీ అక్క వచ్చి కూర్చుంటేనే అంది. ఒకాకరారా వెళ్ళాను. అక్క తలకి చిన్న రుమాలు కట్టుకుని, పాత లంగాలో గుమ్మంలో కూర్చుని ఉంది. ఆమెని అలా చూడటం నాకు అదే మొదలు. తలపాగా చుట్టడానికి రెండు చేతులు కావాలి మరి. విషయం చెప్పి, రుమాలుతో వచ్చినా ఫర్వాలేదక్కా అన్నాను.

"మళ్ళీ అదే తప్పా? అది చూడాల్సింది కొమ్ముల్నేగా," అంది. లోపలికెళ్ళి గుడ్డ తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "నువ్వు కట్టు."

నాకు అరవై రెండేళ్ళు వచ్చాయి, ఆ గుడ్డని ఎప్పుడూ ముట్టుకోలేదు. ఆమె చెబుతుంటే చుట్టాను, విప్పాను, మళ్ళీ చుట్టాను. ఒక కొమ్ము పైకి లేచింది, రెండోది చెవి మీదకి వాలింది. అద్దంలో చూసుకుని, కొమ్ము విరిగిన ఆవులా ఉన్నానంది. తీయలేదు.

గౌను వేసుకుని నాతో వచ్చిన ఆమెని దొడ్డిలో మేకల మధ్య పీట వేసి కూర్చోబెట్టాను, టీ పోసి ఇచ్చాను. మాగ్రీతా తెచ్చిన కొత్త పిల్ల దూరం నుంచి కొమ్ముల్ని చూసి రెండుసార్లు మొరిగింది. అక్క తల వంచింది. పిల్ల వచ్చి తలపాగాని వాసన చూసింది, తుమ్మింది, గౌను అంచు నోట కరుచుకుని కాసేపు గుంజింది. తర్వాత ఆ అంచు మీదే చుట్టుకుని నిద్రపోయింది. నేను మాగ్రీతాకి అల్లి చెప్పింది అచ్చంగా ఇదే. నా చేతిలో టీ ఇంకా చల్లారలేదు. అప్పుడైనా ఇంత సేపే పట్టేది.

"ఏంట్రా అలా చూస్తున్నావు?" అంది అక్క.

ఏం లేదక్కా, టీ తాగు అన్నాను. ఆమె ఎడమచేత్తో కప్పు అందుకుంది.